ప్లగ్-ఇన్ హైబ్రిడ్: రావ్4, ప్రియస్, టూసాన్, అవుట్‌ల్యాండర్‌లలో ఏది? (డాలస్ ఏరియా, రోజుకు 40 మైళ్లు, ఇంట్లో ఆరుగురం)

ప్లానో_తెనాలి

అందరికీ నమస్కారం. మా కారు లీజు మార్చి చివరికి అయిపోతోంది. ఈసారి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (ఇంట్లో ప్లగ్ పెట్టి బ్యాటరీ నింపుకుంటే కొన్ని మైళ్లు కరెంటు మీద, ఆ తర్వాత గ్యాస్ మీద, అంటే పెట్రోలు మీద నడిచే కారు) తీసుకుందామని నేనూ మా ఆవిడా గట్టిగా అనుకుంటున్నాం. ప్లానోలో ఇల్లు, ఇర్వింగ్‌లో ఆఫీసు. రానూపోనూ 40 మైళ్లు, చాలావరకు టోల్ రోడ్డే. పెద్దవాడికి పదేళ్లు, చిన్నదానికి ఆరు. మే నెలలో అమ్మానాన్న తెనాలి నుంచి వస్తున్నారు, ఆరు నెలలు ఉంటారు. అప్పుడప్పుడూ హ్యూస్టన్‌లో బావమరిది వాళ్లింటికి వెళ్తుంటాం.

చూస్తున్నవి ఇవీ: టయోటా రావ్4 ప్లగ్-ఇన్ (2025కి ముందు రావ్4 ప్రైమ్ అనేవాళ్లు, అదే కారు), ప్రియస్ ప్లగ్-ఇన్, హ్యుందాయ్ టూసాన్ ప్లగ్-ఇన్, మిత్సుబిషి అవుట్‌ల్యాండర్ ప్లగ్-ఇన్. వాడినదైనా పర్లేదు. ట్యాక్సులూ అవీ అన్నీ కలిపి 45 వేల డాలర్లు దాటకూడదు. ఇలాంటి కార్లకి ఇచ్చే ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ 2025 సెప్టెంబర్ 30తో పోయింది కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోలేదు.

రివ్యూల్లో ఒక్కొక్కరూ ఒక్కోటి గొప్పదంటున్నారు. రోజూ నడిపేవాళ్లు చెప్పండి, దేంట్లో ఏం దొరుకుతుంది, ఏం వదులుకోవాలి?

రెంచ్_రమణ

తమ్ముడూ, ముందు మూడు ప్రశ్నలు. గ్యారేజీలో ఏ ప్లగ్ ఉంది? మీ కరెంటు రేటు యూనిట్‌కు ఎన్ని సెంట్లు? ఇంట్లో రెండో కారు ఏంటి? ఈ మూడూ తేలకుండా ఏ కారు మంచిదో ఎవరు చెప్పినా గాల్లో చెప్పినట్టే.

ఈలోగా అంకెలు ఇస్తాను. మైళ్లన్నీ ఈపీఏ, అంటే అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ లెక్కలు. 2021 నుంచి 2025 దాకా వచ్చిన రావ్4లో 18.1 యూనిట్ల బ్యాటరీ, 42 మైళ్లు కరెంటు మీద, బ్యాటరీ అయ్యాక గ్యాలన్ గ్యాస్‌కు 38 మైళ్లు. పవర్ 302 హార్స్‌పవర్, యాక్సిలరేటర్ తొక్కితే కారు ఎగిరినట్టే ఉంటుంది. ప్రియస్‌లో 2023లో వచ్చిన కొత్త షేపు 13.6 యూనిట్లతోనే 44 మైళ్లు వెళ్తుంది, ఆ తర్వాత గ్యాలన్‌కు 52. అది ఎస్ఈ ట్రిమ్ (ట్రిమ్ అంటే ఒకే మోడల్‌లో వేరియంట్). పెద్ద చక్రాల ఎక్స్ఎస్ఈ తీసుకుంటే 39కి పడిపోతుంది. టూసాన్ 13.8 యూనిట్లు, 33 మైళ్లు, తర్వాత 35. అవుట్‌ల్యాండర్ 2023 మోడల్ 20 యూనిట్లు, 38 మైళ్లు, తర్వాత 26. అవును, ఇరవయ్యారే. కానీ ఈ నాలుగింట్లో మూడో వరస సీటు ఉన్నది అదొక్కటే.

మినియాపోలిస్_మిరపకాయ్

చలి గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతా. అమెరికాలో అమ్మే టూసాన్ ప్లగ్-ఇన్‌లో క్యాబిన్‌కి విడిగా ఎలక్ట్రిక్ హీటర్ లేదు. బ్యాటరీ నిండుగా ఉన్నా సరే, హీటర్ ఆన్ చేస్తే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది. ఇంజిన్ వేడితోనే కారు లోపల వేడి. మా ఫ్రెండ్ ఒకరు తెలియక తీసుకుని, సీటు హీటర్, స్టీరింగ్ హీటర్ మాత్రం వేసుకుని జర్కిన్‌లో నడుపుతుంటారు, గ్యాస్ కాలకూడదని.

రావ్4, ప్రియస్ ప్లగ్-ఇన్‌లలో హీట్ పంప్ ఉంది, అంటే ఇంజిన్ లేకుండా కరెంటుతోనే లోపల వేడి చేస్తుంది. రావ్4లో అది సుమారు 14 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పనిచేస్తుంది, ఆ కిందకి పోతే అక్కడా ఇంజిన్ లేస్తుంది. మా మిన్నెసోటాలో జనవరి అంతా అదే కథ. డాలస్‌లో మీకు అలాంటి రోజులు తక్కువే, కానీ డిసెంబర్ ఉదయాలు నలభైల్లో ఉంటాయి కదా, టూసాన్ అయితే ఆ రోజుల్లో కూడా ఇంజిన్ మీదే మొదలవుతుంది.

మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ఊళ్ల వాళ్లకి ఇంకో మాట. 2019 నుంచి వచ్చిన రావ్4 హైబ్రిడ్‌లలో వెనక మోటారుకు వెళ్లే హై వోల్టేజ్ కేబుల్ కనెక్టర్ తుప్పు పట్టడం చాలామందికి జరిగింది, టయోటా దానికి వారంటీ పొడిగించింది. వాడిన కారు కొనేటప్పుడు ఏ రాష్ట్రంలో తిరిగిందో హిస్టరీలో చూసుకోండి.

ప్లానో_తెనాలి

రమణన్నా, థ్యాంక్స్. గ్యారేజీలో మామూలు 120 వోల్టుల ప్లగ్ ఒకటే ఉంది. డ్రయ్యర్ లాండ్రీ రూంలో ఉంది, గ్యారేజీకి దూరం. కరెంటు అన్నీ కలుపుకుని యూనిట్‌కు 14 సెంట్లు పడుతోంది. రాత్రి ఫ్రీ అనే ప్లాన్ కూడా చూశాను, అది తీసుకుంటే ఛార్జింగ్ అంతా ఉచితమే కదా అనిపించింది. రెండో కారు మా ఆవిడది, పాత సెడాన్. ఇంకో రెండేళ్లు నడుస్తుంది.

రెంచ్_రమణ

రాత్రి ఫ్రీ ప్లాన్‌లో పగటి రేటు బాగా ఎక్కువ పెడతారు. మీ ఆవిడ ఇంటి నుంచే పనిచేస్తారా? అమ్మానాన్న కూడా పగలంతా ఇంట్లోనే ఉంటారు, జులైలో ప్లానోలో ఏసీ ఆగదు. కారులో మిగిలింది ఏసీలో పోతుంది. మీ ఏడాది బిల్లులు ముందేసుకుని, పగలు ఎన్ని యూనిట్లు, రాత్రి ఎన్ని అని విడదీసి చూడండి. రాత్రి వాడకం సగానికి పైగా ఉంటే తప్ప ఆ ప్లాన్ జోలికి నేనైతే వెళ్లను.

ఇప్పుడు అసలు లెక్క. రావ్4 ప్లగ్-ఇన్ వంద మైళ్లకు సుమారు 36 యూనిట్లు తాగుతుంది. 14 సెంట్ల చొప్పున 5 డాలర్లు. అదే ప్లగ్ పెట్టే పని లేని మామూలు రావ్4 హైబ్రిడ్ గ్యాలన్‌కు 39 ఇస్తుందనుకోండి, గ్యాస్ 2 డాలర్ల 80 సెంట్లనుకోండి, వంద మైళ్లకు 7 డాలర్ల 20 సెంట్లు. అంటే వంద మైళ్లకు మిగిలేది రెండు డాలర్ల చిల్లర. ఏడాదికి పది వేల మైళ్లు పూర్తిగా కరెంటు మీదే తిరిగినా మిగిలేది రెండు వందల డాలర్ల పైచిలుకు.

2025 మోడళ్లలో సమానమైన ట్రిమ్‌లు పక్కపక్కన పెట్టినా ప్లగ్-ఇన్‌కి ఎనిమిది వేల డాలర్ల పైనే ఎక్కువ. టెక్సాస్‌లో గ్యాస్ డబ్బులు మిగులుతాయని కొత్త రావ్4 ప్లగ్-ఇన్ కొనేవాళ్లకి ఆ డబ్బు ఎప్పటికీ వెనక్కి రాదు. క్రెడిట్ ఉన్న రోజుల్లో వేరు. ఇప్పుడు కొంటే ఆ పవర్ కోసం, చప్పుడు లేని డ్రైవ్ కోసం, బంకు దగ్గర ఆగే పని తప్పుతుందని కొనాలి. అవి చిన్న కారణాలని నేననను, నేనూ అందుకే కొన్నాను. కాకపోతే ఏ కారణంతో కొంటున్నామో తెలిసి కొనాలి.

బే_ఏరియా_బెజవాడ

రమణ గారి లెక్క మా దగ్గర ఇంకా ఘోరం. కాలిఫోర్నియాలో మా ఫ్రీమాంట్‌లో ఎలక్ట్రిక్ కార్ల వాళ్లకి ఇచ్చే ప్లాన్‌లో 2025లో అర్ధరాత్రి దాటాక కూడా యూనిట్‌కు 31 సెంట్ల దగ్గర పడేది. ఆ రేటుకి రావ్4కి వంద మైళ్లు కరెంటు మీద 11 డాలర్ల పైన. గ్యాలన్ 4 డాలర్ల 70 సెంట్లు ఉన్నా, మామూలు హైబ్రిడ్‌కి 12 డాలర్లు. తేడా కాఫీ ఖర్చుకు కూడా రాదు. సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది మధ్య పొరపాటున ప్లగ్ పెడితే గ్యాస్ కంటే ఎక్కువే అవుతుంది.

ఇక్కడ గిట్టుబాటు అయ్యేది సోలార్ ఉన్నవాళ్లకి. అది కూడా 2023 ఏప్రిల్ తర్వాత ప్యానెల్స్ వేయించుకున్నవాళ్లకి గ్రిడ్‌కి అమ్మితే వచ్చేది చాలా తక్కువ, కాబట్టి మధ్యాహ్నం వచ్చే కరెంటుని కారులోకే ఎక్కించుకోవడం మేలు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి అది బాగా కుదురుతుంది. ఒంటరిగా నడిపినా కార్‌పూల్ లేన్‌లో వెళ్లనిచ్చే స్టిక్కర్ ఉండేది, అదీ 2025 సెప్టెంబర్ 30తోనే ఆగింది. దాని కోసమే ప్లగ్-ఇన్ కొన్న తెలుగువాళ్లు మా ఆఫీసులో ఎందరో.

ఇంకొకటి. ఐసీసీటీ అనే సంస్థ 2022లో అమెరికాలోని ప్లగ్-ఇన్‌ల అసలు వాడకం చూసింది. కొత్త కారు మీద అతికించే ఈపీఏ లేబుల్‌లో లెక్కగట్టిన దానికంటే కరెంటు మీద నడిచే వాటా 26 నుంచి 56 శాతం తక్కువగా, గ్యాస్ ఖర్చు 42 నుంచి 67 శాతం ఎక్కువగా ఉండొచ్చని తేల్చింది. జనం రోజూ ప్లగ్ పెట్టకపోవడం దానికి ఒక పెద్ద కారణం. అందుకే రాత్రిపూట ప్లగ్ పెట్టే చోటు లేని అపార్ట్‌మెంట్ వాళ్లు ఎవరు అడిగినా నేను మామూలు హైబ్రిడ్డే చెబుతాను.

ఎడిసన్_ఏలూరు

అంకెలు సరే. ఆరుగురు ఉన్న ఇంటికి ఐదు సీట్ల కారు గురించి ఇంతసేపు మాట్లాడుతున్నామేంటి? క్రైస్లర్ పసిఫికా హైబ్రిడ్ ఎందుకు చూడట్లేదు? 16 యూనిట్ల బ్యాటరీ, 32 మైళ్లు, తర్వాత గ్యాలన్‌కు 30. ఏడుగురు హాయిగా కూర్చుంటారు. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. పక్కకి జరిగే తలుపు తెరుచుకుంటే, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, ఒక్క అడుగు లోపల పెట్టి కూర్చుంటుంది. ఎత్తుగా ఎక్కక్కర్లేదు, కిందికి వంగక్కర్లేదు. ఇదే అమ్మ మా తమ్ముడి ప్రియస్ ఎక్కాలంటే, ముందు సీటు అంచున కూర్చుని, తల వంచి, ఒక్కో కాలూ చేత్తో ఎత్తి లోపల పెట్టుకోవాలి. కొత్త షేపు ప్రియస్ చూడటానికి ఎంత అందంగా ఉంటుందో పెద్దవాళ్లకి అంత కష్టం, పైకప్పు అంత కిందికి ఉంటుంది.

మేం ఎడిసన్ నుంచి పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తే మొదటి ముప్పై మైళ్లు కరెంటు, మిగతా అంతా గ్యాస్. పెన్సిల్వేనియా కొండల్లో కూడా మైలేజీ బాగానే వస్తుంది. బ్యాటరీ మధ్య వరస నేల కింద ఉంటుంది కాబట్టి మామూలు పసిఫికాలో లాగా ఆ సీట్లు నేలలోకి మడిచే వీలు ఇందులో లేదు. తీసి గ్యారేజీలో పెట్టుకోవాలి, బరువు.

రెంచ్_రమణ

పసిఫికా మంచి మాటే, కానీ వాడినది కొనేటప్పుడు ఒకటి చూడాలి. 2017, 2018 మోడళ్లకి 2022 ఫిబ్రవరిలో రీకాల్ వచ్చింది, ఆపి ఉంచిన కారులో మంటలు వచ్చిన కేసుల వల్ల. ఇంటికి దూరంగా, బయటే పార్క్ చేయమన్నారు, ఛార్జ్ చేయొద్దన్నారు. విన్ నంబర్ (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు నంబరు) కొట్టి రీకాల్ పనులన్నీ అయ్యాయో లేదో చూడకుండా ఏ పసిఫికా హైబ్రిడ్డూ కొనొద్దు. నేనైతే ఆ రెండేళ్ల మోడళ్లు అసలు ముట్టుకోను.

గోదారి_గట్టు

ప్లానో గారూ, నేను రావ్4 ప్రైమ్ నడుపుతున్నాను, ఎస్ఈ ట్రిమ్. షార్లెట్‌లో ఉంటాం. నా అనుభవం చెబుతాను.

కారు మీద ఒక్క మాట అనలేను. స్కూల్, ఆఫీసు, డ్యాన్స్ క్లాసు, ఇండియన్ స్టోర్, అన్నీ కరెంటు మీదే అయిపోతాయి. మార్కప్ మాత్రం మర్చిపోలేను. మా ఊరి డీలర్ ఒకరు స్టిక్కర్ ధర (కంపెనీ చెప్పే ధర) మీద వేల డాలర్లు ఎక్కువ అడిగి, ఇష్టం లేకపోతే వెనక లైన్‌లో ఇంకొకరు ఉన్నారన్నాడు. వేరే రాష్ట్రంలో స్టిక్కర్ ధరకి దొరికితే అక్కడికి వెళ్లి తెచ్చుకున్నాం. మీరూ ఫోన్‌లో కాకుండా ఈమెయిల్‌లోనే, అన్నీ కలిపిన చివరి ధర రాతపూర్వకంగా అడగండి. నైట్రోజన్ టైర్లు, పెయింట్ ప్రొటెక్షన్ అని చివర్లో కలిపేవి తీసేయమనండి.

ఎస్ఈ ట్రిమ్‌లో లోపలి ఛార్జర్ 3.3 కిలోవాట్లే. గోడకి ఎంత పెద్ద ఛార్జర్ పెట్టించినా అది అంతే తీసుకుంటుంది, నాలుగున్నర గంటలు. ఎక్స్ఎస్ఈలో ప్రీమియం ప్యాకేజీ ఉంటేనే 6.6. ఇది తెలియక చాలామంది పెద్ద ఛార్జర్ మీద డబ్బులు పోసుకుంటారు. టూసాన్‌లో 7.2 కిలోవాట్లు ఉంది, రెండు గంటల్లో నిండుతుంది. మధ్యాహ్నం ఇంటికి వచ్చి మళ్లీ సాయంత్రం బయల్దేరే వాళ్లకి ఆ తేడా పనికొస్తుంది. రాత్రి పెట్టి పొద్దున తీసేవాళ్లకి ఏదైనా ఒకటే.

కొత్త 2026 రావ్4 ప్లగ్-ఇన్‌కి 50 మైళ్ల దాకా వస్తుందని టయోటా చెప్పింది, కొన్ని ట్రిమ్‌లలో డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ కూడా ఇస్తోంది. మీ బడ్జెట్‌కి అందుతుందా అనేది డీలర్ల మీద ఉంటుంది.

ఎడిసన్_ఏలూరు

గోదారి గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే, కానీ ఆరుగురు ఎలా కూర్చుంటారు?

పాలమూరు_పిలగాడు

అన్నా, నేను ఇంకోటి అంట. ఆరుగురు కలిసి పోయేది వారంలో ఒక రోజు, శనివారం గుడికో, ఆదివారం ఎవరి ఇంటికో. అది గూడ ఆరు నెలలే. ఆఫీసుకు పోయేది ఏడాది పొడుగునా. అమ్మానాన్న ఉన్నన్ని రోజులు రెండు కార్లల్ల పోండి, హ్యూస్టన్ పోయేటప్పుడు వ్యాన్ రెంటుకు తీస్కోండి. ఆరు నెలల కోసం పదేళ్లు పెద్ద బండి మోసుడెందుకు? ప్రియస్ తీస్కుంటే బడ్జెట్‌ల పది వేలు మిగుల్తయ్.

గోదారి_గట్టు

తమ్ముడూ, లెక్క నువ్వు చెప్పిందే. కానీ అమ్మానాన్న ఇక్కడికి వచ్చి ఉన్నప్పుడు ఏమవుతుందో చూశాను. రెండు కార్లు తీయాలంటే "మీరు వెళ్లిరండి, మేం ఇంట్లో ఉంటాంలే" అంటారు. నిజంగానే ఉండాలనిపించి కాదు, మనల్ని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక. అలా నాలుగు వారాలు గడిచాక వాళ్లకి ఈ దేశం అంటే నాలుగు గోడలే అవుతుంది. అందరూ ఒకే కారులో పట్టే వీలుంటే ఆ మాటే రాదు, తలుపు తీస్తే ఎక్కేస్తారు. మా అత్తగారు వచ్చినప్పుడు మా రావ్4లో ఐదుగురం సర్దుకున్నాం కాబట్టి సరిపోయింది. ఆరో మనిషి ఉంటే నేనైతే మూడో వరస ఉన్నదే చూస్తాను.

ప్లానో_తెనాలి

గోదారి గారూ, మీరన్నది మా ఇంట్లో పోయినసారి అచ్చంగా జరిగింది. నాన్న ప్రతి శనివారం టీవీలో క్రికెట్ ఉందని ఆగిపోయేవారు. మా ఆవిడకి ఈ చర్చ చదివి వినిపించాను, ఇక ఐదు సీట్లవి లిస్టులోంచి తీసేద్దామంది.

అయితే మిగిలినవి అవుట్‌ల్యాండర్, పసిఫికా. కియా సొరెంటో ప్లగ్-ఇన్, మాజ్దా సీఎక్స్-90 ప్లగ్-ఇన్ కూడా మూడు వరసలవే కదా, వాటి సంగతి?

మినియాపోలిస్_మిరపకాయ్

సొరెంటోకి 32 మైళ్లు, కానీ హీటర్ కథ టూసాన్‌దే. సీఎక్స్-90 నడపడానికి చాలా బాగుంటుంది, 323 హార్స్‌పవర్, లోపల కూడా ఖరీదైన కారులా ఉంటుంది. కరెంటు మీద మాత్రం 26 మైళ్లే, తర్వాత గ్యాలన్‌కు 25. 40 మైళ్ల కమ్యూట్‌కి రోజూ ఇంజిన్ లేస్తుంది.

అవుట్‌ల్యాండర్_అనంతపురం

ఎట్టకేలకు మా కారు పేరు వచ్చింది. ఆస్టిన్‌లో ఉంటాం, 2023 మోడల్.

మంచి ముందు. ముందు చక్రాలకి ఒక మోటారు, వెనక చక్రాలకి ఒక మోటారు. ఊళ్లో నడుపుతుంటే ఎలక్ట్రిక్ కారే. ఇంజిన్ ఎక్కువసేపు జనరేటర్‌లా పనిచేస్తుంది, గేర్లు మారే కుదుపే ఉండదు. ఇంజిన్, మోటార్లకి, బ్యాటరీకి పదేళ్లు లేదా లక్ష మైళ్ల వారంటీ. అయితే వాడిన కారు కొంటే ఇంజిన్ వారంటీ రెండో ఓనరుకి పూర్తిగా వస్తుందా, సర్టిఫైడ్ (కంపెనీ తరఫున తనిఖీ చేసి అమ్మే వాడిన కారు) అయితేనే వస్తుందా అనేది కాగితం మీద చూసుకోండి. కొత్తవి త్వరగా ధర పడిపోతాయి, అందుకే రెండేళ్లు తిరిగినది మీ బడ్జెట్‌లో సులువుగా దొరుకుతుంది. అమ్మేటప్పుడు అదే దెబ్బ మీకు తగులుతుంది, ఎక్కువ కాలం ఉంచుకునేవాళ్లకే ఇది.

ఇక చెడ్డ. 38 మైళ్లు అని రాసి ఉంటుంది, టోల్ రోడ్డు మీద 75లో పోతే ముప్పై దగ్గర చూసుకోండి. మీ 40 మైళ్లలో చివరి పది ఇంజిన్ మీదే. ఆఫీసులో ఛార్జర్ ఉంటే ఆ బాధ లేదు. బ్యాటరీ అయిపోయాక హ్యూస్టన్ దాకా 26తోనే పోవాలి, రావ్4 వాళ్లని చూస్తే అసూయ పుడుతుంది. ఫాస్ట్ ఛార్జింగ్ ఉంది గానీ అది చాడెమో ప్లగ్, ఇప్పుడు కొత్త స్టేషన్లలో ఆ తీగ పెట్టడమే మానేస్తున్నారు. దాన్ని లెక్కలోకి తీసుకోకండి. లాంగ్ ట్రిప్‌లో గ్యాస్ కాల్చి బ్యాటరీ నింపే ఛార్జ్ మోడ్ ఒకటి ఉంటుంది, అది వాడితే మైలేజీ ఇంకా పోతుంది. నేను హైవే ఎక్కగానే బ్యాటరీని దాచి ఉంచే సేవ్ మోడ్‌లో పెట్టి, ఊళ్లోకి దిగాక మిగిలిన కరెంటు వాడతాను.

మూడో వరస పెద్దవాళ్లకి కాదు. పిల్లలకే. అది కూడా మధ్య వరస కొంచెం ముందుకి జరపాలి. మూడో వరస లేపితే డిక్కీలో రెండు కూరగాయల సంచులు తప్ప ఏమీ పట్టవు. అమ్మానాన్నని ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చే రోజు 23 కిలోల సూట్‌కేసులు నాలుగూ ఉంటాయి, ఆ రోజు రెండో కారు తీయక తప్పదు.

పై ట్రిమ్‌లలో 1500 వాట్ల ప్లగ్ ఉంటుంది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్‌లో కరెంటు పోయి జనం ఎంత అల్లాడారో మనకి తెలుసు. ఫ్రిజ్, ఫోన్లు, రెండు లైట్లు దీని మీద నడిపించుకోవచ్చు. మా ఆవిడ ఈ కారు ఒప్పుకున్నది ఆ ఒక్క ప్లగ్ కోసమే.

ఫుల్_ఎలక్ట్రిక్_ఫణి

ఇంత తలనొప్పి ఎందుకండీ, మూడు వరసల ఎలక్ట్రిక్ కారు తీసుకుంటే ఆయిల్ మార్చే పని కూడా ఉండదు. ప్లగ్-ఇన్ అంటే రెండు ఇంజిన్ల మెయింటెనెన్స్.

రెంచ్_రమణ

ఫణి గారూ, మెయింటెనెన్స్ మాట నిజం. గ్యాస్ వాడినా వాడకపోయినా ఏడాదికోసారి ఆయిల్ మార్చాలి, ట్యాంకులో పాత గ్యాస్ నెలల తరబడి ఉంచకూడదు. పాత షెవీ వోల్ట్‌లో అయితే దాదాపు ఆరు వారాలకోసారి ఇంజిన్ దానంతట అదే కాసేపు తిరిగేది, అందుకే. కానీ టెక్సాస్‌లో పూర్తి ఎలక్ట్రిక్ కార్లకి ఏడాదికి 200 డాలర్ల రిజిస్ట్రేషన్ ఫీజు అదనం, ప్లగ్-ఇన్‌కి అది లేదు. పెద్దవాళ్లని, పిల్లల్ని వేసుకుని ఆగస్టు ఎండలో హ్యూస్టన్ దారిలో ఛార్జర్ దగ్గర కూర్చోవడం కొందరికి ఇష్టం ఉండదు. ఇంట్లో ఒక ఎలక్ట్రిక్, ఒక హైబ్రిడ్ ఉంటే సరైన జోడీ. తమ్ముడి రెండో కారు మార్చేటప్పుడు మీ మాట వినాలి.

భాగ్యనగర్_బైపాస్

హైదరాబాద్ నుంచి చదువుతున్నా. మా దగ్గర ఈ ధరలో ప్లగ్-ఇన్ అనేదే లేదు. బీఎండబ్ల్యూ ఎక్స్ఎం, రేంజ్ రోవర్ లాంటి కోటి దాటిన వాటిలోనే దొరుకుతుంది. మామూలోళ్లకి ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా లాంటి స్ట్రాంగ్ హైబ్రిడ్డే, ప్లగ్ పెట్టే పని లేదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఛార్జింగ్ పాయింట్ కోసం అసోసియేషన్ మీటింగుల్లో గొడవపడుతున్న మాకు రాత్రికి రాత్రి ప్లగ్ పెట్టుకునే గ్యారేజీ అంటేనే పండగ. కానివ్వండి, చదవడానికి బాగుంది.

ప్లానో_తెనాలి

ఈ వారాంతం అవుట్‌ల్యాండర్, పసిఫికా రెండూ టెస్ట్ డ్రైవ్ చేశాం. పిల్లల్ని తీసుకెళ్లి మూడో వరసలో కూర్చోబెట్టాం. అవుట్‌ల్యాండర్‌లో చిన్నదానికి ఏ ఇబ్బందీ లేదు, పెద్దవాడి మోకాళ్లు ముందు సీటుకి తగిలీ తగలకుండా ఉన్నాయి. ఇంకో రెండేళ్లకి వాడికి కుదరదు, అది తెలుస్తూనే ఉంది. పసిఫికా కంఫర్ట్ వేరే లెవెల్, ఎడిసన్ అన్న చెప్పింది అక్షరాలా నిజం. కానీ మా దగ్గర దొరికే వాటిలో రీకాల్ పనులన్నీ పూర్తయినట్టు కాగితం చూపించినవాళ్లు లేరు. గ్యారేజీలో పడుకోబెట్టే బండి కదా, మా ఆవిడకి ఆ టెన్షన్ వద్దంది.

ఆఫీసులో అడిగితే ఛార్జర్లు ఉన్నాయి, వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకున్నాను. 2024 అవుట్‌ల్యాండర్ సర్టిఫైడ్ ఒకటి 33 వేలకి చెబుతున్నారు. దాదాపు ఖాయం అనుకుంటున్నాం. ఇంతకీ 120 ప్లగ్‌తో నెట్టుకురావచ్చా?

రెంచ్_రమణ

ఆ ప్లగ్ నుంచి గంటకి 1.4 యూనిట్లకి మించి రావు. సాయంత్రం ఏడుకి పెట్టి పొద్దున ఏడుకి తీసినా 20 యూనిట్ల బ్యాటరీ నిండదు. 240 అయితే ఆరున్నర గంటల్లో అయిపోతుంది.

నిండకపోవడం కంటే నాకు వేరే భయం ఉంది. మీ గ్యారేజీలో రెండో ఫ్రిజ్ ఉందా? మన ఇళ్లల్లో ఉంటుంది కాబట్టి అడుగుతున్నా. గ్యారేజీ ప్లగ్గులన్నీ చాలా ఇళ్లలో ఒకే 15 ఆంప్స్ సర్క్యూట్ మీద ఉంటాయి. కారు ఒక్కటే 12 ఆంప్స్ లాగుతుంది. అర్ధరాత్రి ఫ్రిజ్ కంప్రెసర్ ఆన్ కాగానే బ్రేకర్ పడిపోతుంది. పొద్దున్నే చూస్తే కారు ఛార్జ్ అవ్వలేదు, ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి పొంగి కారిపోయి ఉంటుంది, ఫ్రీజర్‌లోవన్నీ కరిగిపోయి ఉంటాయి. ఛార్జింగ్ మొదలెట్టిన గంటకి ప్లగ్ తల చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ సాకెట్ మార్పించాలి. ఎక్స్‌టెన్షన్ తీగ అసలు వద్దు.

కారుకి విడిగా 240 లైను వేయించుకోవడమే పద్ధతి. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్, సిటీ పర్మిట్‌తో. ప్యానెల్‌లో ఖాళీ ఉందో లేదో ముందు ఫోటో తీసి పంపండి, ఇద్దరు ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకోండి. ఈ కారు 3.5 కిలోవాట్లకి మించి తీసుకోకపోయినా, రేపు రెండో కారు పూర్తి ఎలక్ట్రిక్ అయితే పనికొస్తుంది, తీగ కాస్త మందంది వేయించండి.

అవుట్‌ల్యాండర్_అనంతపురం

శుభం. కొనే ముందు ఇవి చూడండి. ఛార్జింగ్ కేబుల్ డిక్కీ కింద అరలో ఉందో లేదో, వాడిన కార్లలో చాలాసార్లు మాయమై ఉంటుంది, తర్వాత కొనాలంటే ఖరీదు. డీలర్ సర్వీస్ వాళ్లతో బ్యాటరీ కెపాసిటీ రీడింగ్ తీయించి కాగితం అడగండి. టెస్ట్ డ్రైవ్‌కి ముందు రాత్రి ఫుల్ ఛార్జ్ చేసి ఉంచమనండి, మీ ఆఫీసు టోల్ రోడ్డు మీదే నడిపి, ఇంజిన్ ఎన్ని మైళ్లకి లేచిందో చూసుకోండి. ఏసీ ఆన్‌లో పెట్టి.

ప్లానో_తెనాలి

శనివారం పదకొండుకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, ఫుల్ ఛార్జ్ చేసి ఉంచుతామన్నారు. కేబుల్, బ్యాటరీ రీడింగ్, వారంటీ కాగితం, మూడూ ఈమెయిల్‌లో అడిగేశాను. రమణన్నా, గ్యారేజీలో ఫ్రిజ్ ఉంది, నిజంగానే అదే సర్క్యూట్ మీద ఉంది, బ్రేకర్ ఆపి చూశాను. ప్యానెల్ ఫోటో మెసేజ్‌లో పంపాను, వీలున్నప్పుడు చూసి చెప్పండి.